ఎవరి పేరున

డాన్యూబ్ నది ఒడ్డున గలాత్స్ పట్నంలో కూరగాయల బజారు వెనక, ఐదంతస్తుల మేడ అడుగున, వీధిలోంచి మూడు మెట్లు దిగితే పాండెలె మొకాను చెప్పుల కొట్టు. కిటికీ నేలమట్టానికి ఉండడంతో ముప్ఫై నాలుగేళ్ళుగా అతను మనుషుల మొహాలకంటే ముందు వాళ్ళ కాళ్ళనే చూస్తూ వచ్చాడు. ఎవరి మడమ ఎటు అరిగింది, ఎవరు నేలను తన్నుకుంటూ నడుస్తారు, ఎవరు కొత్త బూట్లు ఇంట్లో దాచుకుని పాతవే ఈడుస్తున్నారు, అన్నీ ఆ కిటికీలోంచే తెలిసిపోయేవి. పనిలో అతనికి మంచి పేరుంది. మాటలోనే లేదు.

అగ్లయా బతికున్నప్పుడు ఆ లోటు ఎవరికీ కనపడలేదు. బల్ల దగ్గర కూర్చుని బూట్లు తీసుకునేది ఆవిడ. వచ్చినవాళ్ళ పిల్లల చదువులు, అత్తగార్ల మోకాళ్ళ నొప్పులు, కుక్కల పేర్లు అన్నీ ఆవిడ నోటి మీదే ఉండేవి. ఎత్తు మడమలు వేసుకుని రాళ్ళ బాటలో నడిచే ఆడపిల్లలను ఆవిడ చీవాట్లు పెట్టేది, వాళ్ళు నవ్వుతూ పడేవాళ్ళు. పాండెలె వెనక కూర్చుని ఇనప దిమ్మ మీద సుత్తి దెబ్బలు వేసుకునేవాడు. భార్య గొంతు ఒక పక్క, సుత్తి చప్పుడు ఒక పక్క. కాపురం ఇరవై ఎనిమిదేళ్ళు అలా సాగింది. పిల్లలు కలగలేదు.

ఆవిడకు జబ్బు ముదిరిన ఏడాది, అక్టోబరులో అతను యాషి నగరానికి వెళ్ళాడు. అక్కడ సాధ్వి పరాస్కేవా అస్థికల పెట్టెను ముట్టుకోవడానికి దేశం నలుమూలల నుంచీ జనం వస్తారు. పద్నాలుగు గంటలు వరసలో నిలబడ్డాడు. చలికి కాళ్ళు తిమ్మిరెక్కాయి. చివరికి ఆ పెట్టెకు నుదురు ఆనించి ఒకే ఒక్క మాట అడిగాడు. మూడు వారాలకు అగ్లయా పోయింది.

నలభయ్యో రోజు దాకా చేయవలసినవన్నీ చేశాడు. ఆ తరవాత గుడి గడప తొక్కలేదు. ఎవరితోనూ వాదన పెట్టుకోలేదు, దేవుణ్ణి తిట్టనూ లేదు. అడిగితే పలకని ఇంటికి వెళ్ళడం మానేసినట్టు మానేశాడు, అంతే. పోయినవాళ్ళ శనివారాల్లో ఊరంతా రొట్టెలు, కొవ్వొత్తులు పట్టుకుని, పోయినవాళ్ళ పేరు చెప్పి ఆకలిగొన్నవాళ్ళకు పెట్టి రావడానికి బయలుదేరితే, అతను కొట్టు తలుపులు దగ్గరికి వేసుకుని పని చేసుకునేవాడు. బూట్లకు మనుషుల పేర్ల బదులు అంకెలు రాసిన చీటీలు కట్టడం మొదలుపెట్టాడు. అలాగైతే ఎవరినీ ఏమీ అడగక్కర్లేదు.

"అన్నయ్యా, నిన్నుగాని దొంగలెత్తుకుపోతే పోలీసులకి నీ గొంతు ఎలా ఉంటుందో చెప్పలేం, మేమెవ్వరం విని ఎరగం" అనేది ఎదురుగా పూలు అమ్మే ఒర్తాన్సా. ఆవిడా భర్త పోయిన మనిషే, కాని నోరు పోలేదు. పాండెలె తల ఊపి ఊరుకునేవాడు.

ఐదేళ్ళు గడిచాయి. నవంబరులో ఒక రోజు పొద్దుటి నుంచీ వాన. కిటికీ ముందు ఒక జత బూట్లు వచ్చి ఆగాయి. ఎడమదాని అట్ట ముందు సగం ఊడి నాలుకలా వేలాడుతోంది, కుడిదాన్ని తీగతో చుట్టారు. ఆ బూట్లు చాలాసేపు అక్కడే నిలబడి, చివరికి మూడు మెట్లూ దిగాయి.

లోపలికి వచ్చినవాడు పొడుగాటి మనిషి, అరవై దాటి ఉంటాయి. గడ్డం తనే కత్తిరించుకున్నట్టుంది, ఎగుడుదిగుడుగా. భుజాన గోనెలాంటి సంచి. కోటు నీళ్ళోడుతుంటే, నేల తడుస్తుందని గుమ్మం దగ్గరే ఆగిపోయాడు.

పాండెలె బూట్లకేసి చూసి, రేపు సాయంత్రానికి అవుతాయని చెప్పాడు.

"రేపు సాయంత్రం దాకా నేను దేనిమీద నడవను మేస్త్రీ?" అన్నాడు ఆ మనిషి. బతిమాలుతున్నట్టు లేదు, నిజంగా తెలుసుకోవాలని అడిగినట్టే ఉంది.

 జిగురు ఆరడానికే నాలుగు గంటలు పడుతుందని పాండెలె గొణిగాడు. అయితే నాలుగు గంటలూ ఇక్కడే కూర్చుంటాననీ, అడ్డు రాననీ, మీకు వాసన ఇబ్బందైతే తలుపు దగ్గరే ఉంటాననీ అతను అన్నాడు. పాండెలె లేచి, బల్ల పక్కన ఐదేళ్ళుగా ఎవరూ కూర్చోని కుర్చీని పొయ్యి వైపు జరిపాడు. పాత వార్తాపత్రికలు ఇచ్చి, కాళ్ళకు చుట్టుకోమన్నాడు.

 పాండెలె పాత అట్ట పీకి, అంచులు గీకి, కొత్త రబ్బరు కొలత వేసి కోశాడు. ఆ మనిషి పొయ్యి దగ్గర కోటు ఆరబెట్టుకుంటూ సుత్తి పడే చోటునే చూస్తున్నాడు. మధ్యలో ఒక బడిపంతులమ్మ బూట్లు పట్టుకుని వచ్చి, కాగితాల్లో చుట్టిన కాళ్ళను చూసి ముక్కు చిట్లించింది.

"కొత్త మోడలండీ, ఈ ఏడు అంతా ఇవే" అన్నాడతను తన కాళ్ళు చూపిస్తూ.

పంతులమ్మ నవ్వాపుకోలేక మొహం తిప్పుకుంది. ఆవిడ వెళ్ళిపోయాక పాండెలె తనూ నవ్వుతున్నానని గ్రహించి, మేకులు వెతుక్కుంటున్నట్టు తల వంచుకున్నాడు.

తరవాత అతనే ముందు నోరు విప్పాడు. అది అతనికే ఆశ్చర్యం. ఎడమ కాలి మీద అంత బరువు ఎందుకు వేస్తావని అడిగాడు, అట్ట అరిగిన తీరు చూసి. పరాయి దేశంలో మేడ కడుతున్నప్పుడు పరంజా కర్రల మీంచి పడ్డానని ఆ మనిషి చెప్పాడు. పేరు స్పిరిదోన్. ఒకప్పుడు ఇక్కడే ఓడలకు రంగులు వేసేవాడు. తరవాత కూలికి దేశాలు పట్టిపోయాడు. తుంటి విరిగి తిరిగి వచ్చేసరికి భార్య మరొకరితో ఉంది. తమ్ముడి పంచన చేరాడు. తమ్ముడు పోయాక అతని పిల్లలు ఇల్లు అమ్మేశారు.

"వాళ్ళ ఇల్లే, వాళ్ళు అమ్ముకున్నారు" అన్నాడు. ఆ మాటలో నిష్ఠూరం లేదు. ఇప్పుడు డాన్యూబ్ గట్టు మీద పాడుపడిన పంపు గదిలో పడుకుంటాడు. చలి మరీ ముదిరితే ఊళ్ళో నిరాశ్రయుల వసతికి వెళతాడు, అక్కడ గురకలు భరించలేక మళ్ళీ వచ్చేస్తాడు.

మధ్యాహ్నమైంది. పాండెలె సీసాలో తెచ్చుకున్న చిక్కుడు గింజల పులుసు పొయ్యి మీద వేడి చేశాడు. ఒక మనిషి ఎదురుగా కూర్చుని ఉండగా ఒక్కడే తినడం ఎలాగో తెలియలేదు. సగం మూతగిన్నెలో పోసి, రొట్టె ముక్క తుంచి చేతిలో పెట్టాడు.

స్పిరిదోన్ రొట్టె పట్టుకుని ఆగాడు. "ఎవరి పేరున మేస్త్రీ?"

పాండెలె మొహం ముడుచుకుంది. "ఎవరి పేరునా కాదు. ఆకలేసింది కాబట్టి పెట్టాను. తిను."

"అయితే నా కడుపు పేరున" అని అతను తినడం మొదలుపెట్టాడు.  రొట్టెతో గిన్నె తుడిచి, అప్పుడు చెప్పాడు, ఎందుకు అడిగాడో.

ఇల్లు పోయిన మొదటి చలికాలంలో స్మశానం గేటు దగ్గర నిలబడితే ఒక ముసలమ్మ రొట్టె, కొవ్వొత్తి చేతిలో పెట్టి "గావ్రీల్ పేరున" అందట. అందరూ అనే మాటే తనూ అన్నాడు, "బొగ్దప్రోస్తే", దేవుడు వారిని క్షమించుగాక అని. తిన్నాడు, మరిచిపోయాడు. మరుసటి వారం ఆ ముసలమ్మే చనిపోయిందని తెలిసింది. ఆవిడకు నా అన్నవాళ్ళు లేరట. అంటే గావ్రీల్ అనే పేరు ఈ లోకంలో ఇంక పలికేవాళ్ళు ఎవరూ లేరన్నమాట, ఆ రొట్టె తిన్న తను తప్ప. ఆ రోజు నుంచీ తనకు అన్నం పెట్టిన ప్రతి చెయ్యినీ ఎవరి పేరునని అడుగుతాడు. పొద్దున లేవగానే, నది వైపు తిరిగి, ఆ పేర్లన్నీ ఒక్కసారి పలుకుతాడు. ఇప్పటికి యాభై మూడు.

పాండెలె నమ్మలేదు. దానాలు పట్టే మనిషి కథలు చెప్పడం నేర్చుకుని ఉంటాడనుకున్నాడు. పరీక్షగా, ఎదురుగా పూలమ్మే ఆవిణ్ణి ఎరుగుదువా అని అడిగాడు.

"ఆవిడ మగడు నెకులై. మూడేళ్ళుగా పెడుతోంది. రొట్టెతో పాటు మిరపకాయ ఊరగాయ. ఆ మనిషికి అది ప్రాణమట. తింటే నా కళ్ళలోంచి ధారలు కారతాయి. నేను నెకులై కోసం ఏడుస్తున్నాననుకుని ఆవిడ ఇంకో రెండు వేస్తుంది."

పాండెలె సుత్తి కింద పెట్టేశాడు. నెకులై మిరపకాయలు అతనికీ తెలుసు.

"ఇన్ని పేర్లు చదివితే దేవుడు వింటాడంటావా?" అని అడిగాడు. వెటకారం కలపాలనుకున్నాడు గాని గొంతు కలిసి రాలేదు.

స్పిరిదోన్ గిన్నె పక్కన పెట్టాడు. "అది నాకు తెలీదండీ. మొదట్లో తిన్నాను కాబట్టి చదివేవాణ్ణి, రుణం తీరాలని. ఒక చలికాలం జ్వరం వచ్చి పంపు గదిలో నాలుగు రోజులు లేవలేదు. పలకరించే దిక్కు లేదు. పడుకునే పేర్లు చెప్పుకున్నాను. గావ్రీల్, నెకులై, ఎకతెరీనా, హరలాంబియె... చెబుతుంటే గది నిండా మనుషులున్నట్టుంది. భయం పోయింది. ఆయన వింటాడో లేదో గాని, నన్ను ఒంటరిగా మాత్రం ఒదిలెయ్యలేదు. నాకది చాలు."

జిగురు ఆరింది. పాండెలె బూట్ల అంచులకు మైనం రుద్ది, కుడిదానికీ కొత్త మడమ వేసి, ఎడమదానిలో ఆ బరువు ఆనడానికి తోలు పట్టీ ఒకటి అమర్చాడు. స్పిరిదోన్ లేచి నిలబడి, నాలుగడుగులు వేసి, ఆగి మళ్ళీ వేశాడు. డబ్బు సంగతి ఎత్తబోతే పాండెలె తల అడ్డంగా ఊపాడు. మెట్ల దగ్గర అతను వెనక్కి తిరిగి, ఆ కుర్చీ ఎవరిదని మాత్రం అడిగాడు. పాండెలె వినపడనట్టు దిమ్మ మీదకు వంగాడు. అతను రెండోసారి అడగలేదు.

తరవాత రోజుల్లో పాండెలెకు ఒక సంగతి తట్టింది. తను భార్య పేరు పైకి పలికి ఎన్నాళ్ళయింది? మనసులో అనుకోవడం వేరు, అది రోజూ ఉన్నదే. నోటితో? ఎంత వెతికినా గుర్తు రాలేదు. సమాధి దగ్గర కలుపు పీకేటప్పుడు కూడా మౌనంగానే పీకాడు. ఇద్దరికీ పిల్లలు లేరు, ఆవిడ చెల్లెలు ఎప్పుడో పోయింది. రేపు తను పోతే ఆ పేరు ఏమవుతుంది? కొట్లో ఒంటరిగా కూర్చుని "అగ్లయా" అని చూశాడు. గొంతు బొంగురుగా, పరాయి మనిషిదిలా వచ్చింది. మళ్ళీ అన్నాడు. ఈసారి బాగుంది.

ఆదివారం మధ్యాహ్నం నది గట్టుకు వెళ్ళాడు. స్పిరిదోన్ పంపు గది ముందు పెట్టె మీద కూర్చుని, ఎండలో పాత పత్రిక చదువుకుంటున్నాడు. బూట్లు తుడిచి మెరిపించుకున్నాడు. పాండెలె పక్కన కూర్చున్నాడు. నదిలో బొగ్గు పడవ ఒకటి నెమ్మదిగా దిగువకు పోతోంది. అది వంపు తిరిగి కనపడకుండా పోయాక అన్నాడు:

"ఆ కుర్చీ నా భార్యది. అగ్లయా."

"అగ్లయా" అన్నాడు స్పిరిదోన్, పేరు బరువు చూస్తున్నట్టు. "ఎలాంటి మనిషి?"

అంతే. ఐదేళ్ళుగా లోపల పేరుకుపోయిందంతా కదిలింది. ఆవిడ శ్రుతి లేకుండా పాడేదని చెప్పాడు, పాడకపోతే ఇంకా భయంగా ఉండేదని చెప్పాడు. ఒక పెళ్ళికూతురు పెళ్ళి నాటి పొద్దున మడమ విరిగి ఏడుస్తూ వస్తే, తన బూట్లు విప్పి ఇచ్చేసి రోజంతా కొట్లో మేజోళ్ళతో తిరిగిందని చెప్పాడు. యాషిలో పద్నాలుగు గంటలు నిలబడ్డ సంగతీ చెప్పాడు. అది ఇంతవరకూ ఎవరితోనూ అనలేదు. "అడిగిందొక్కటే. అదీ ఇవ్వలేదు" అన్నాడు.

స్పిరిదోన్ ఓదార్చలేదు. దేవుడి తరఫున సంజాయిషీ కూడా ఇవ్వలేదు. "ఆ పద్నాలుగు గంటలూ మీ పక్కన ఎవరున్నారు?" అని అడిగాడు.

పాండెలెకు గుర్తొచ్చింది. ముందు ఒక బొద్దు మనిషి, థర్మస్‌లోంచి టీ పోసి ఇచ్చాడు. వెనక ఇద్దరు అక్కచెల్లెళ్ళు, అతను తూలితే చెరో చెయ్యీ పట్టుకున్నారు. అగ్లయా పేరు అడిగి, తమ చీటీలో రాసుకుని పెట్టె దగ్గర చదువుతామన్నారు. చదివే ఉంటారు. ఇన్నేళ్ళూ వాళ్ళను ఒక్కసారి కూడా తలుచుకోలేదు. ఆ వరసంతా అతని జ్ఞాపకంలో ఉత్త చలిగానే మిగిలిపోయింది.

"ఆవిడకి ఏం ఇష్టం తినడానికి?" స్పిరిదోన్ అడిగాడు.

"గుమ్మడికాయ కూరిన పొరల రొట్టె. దాల్చినచెక్క ఎక్కువ వెయ్యాలి."

"అయితే ఎవరైనా పెట్టినప్పుడు తింటాను."

చలికాలమంతా పాండెలె ఆదివారాలు గట్టుకు వెళ్ళాడు, మంచు పడిన రోజుల్లో స్పిరిదోన్ కొట్టుకు వచ్చాడు. స్పిరిదోన్ నోట ఎప్పుడు "మీరు" పోయి "నువ్వు" వచ్చిందో ఇద్దరికీ తెలియదు. ఫిబ్రవరిలో, పెద్ద ఉపవాసాలకు ముందు వచ్చే పోయినవాళ్ళ శనివారం దగ్గరపడింది. పాండెలె ఒర్తాన్సా దగ్గరికి వెళ్ళి, పిండి ఎలా సాగదీస్తారని అడిగాడు.

ఆవిడ చేతిలోని పూలు కింద పెట్టింది. "నువ్వు మాట్లాడడమే ఒక వింత, ఆపైన వంటా? బాగానే ఉన్నావా అన్నయ్యా?"

"అగ్లయాకి చేద్దామని" అన్నాడు.

ఆవిడ ఇంకేం ఎగతాళి చెయ్యలేదు. ఆ సాయంత్రం అతని వంటింటికి వచ్చి పక్కన నిలబడి చెప్పింది, చెయ్యి మాత్రం పెట్టలేదు. పిండి మూడు చోట్ల చిరిగింది. తోలైతే కుట్టేవాణ్ణి అన్నాడతను. ఒక పక్క మాడింది. ఒర్తాన్సా కొస తుంచి రుచి చూసి, అగ్లయా తిడుతుంది గాని తింటుందని తీర్పు చెప్పింది.

శనివారం పొద్దున అతను రెండు రొట్టెలు శుభ్రమైన తువ్వాల్లో కట్టుకుని, రెండు కొవ్వొత్తులు తీసుకుని గుడికి వెళ్ళాడు. లోపలికి వెళ్ళడానికి ఇంకా మనసు ఒప్పలేదు. ఆవరణలోనే నిలబడ్డాడు. పాట బయటికి వినపడుతూనే ఉంది. జనం బయటికి వస్తున్నప్పుడు స్పిరిదోన్ గేటు దగ్గర, మిగతావాళ్ళ మధ్య, తన చోట్లో ఉన్నాడు. పాండెలె ఎదురుగా వెళ్ళి, వెలిగించిన కొవ్వొత్తితో ఒక రొట్టె చేతిలో పెట్టాడు. 

"ఎవరి పేరున?" స్పిరిదోన్ అడిగాడు, ఎన్నడూ వినని వాడిలా.

"అగ్లయా పేరున."

"బొగ్దప్రోస్తే." అక్కడే నిలబడి పెద్ద ముక్క కొరికాడు. నమిలి, కళ్ళు చికిలించి, "దాల్చినచెక్క సరిపోయింది" అన్నాడు.

పాండెలె రెండో మూట విప్పాడు. అది ఎవరికోసమని స్పిరిదోన్ అడిగాడు. పాండెలె దాన్ని అతని చేతిలోనే పెట్టాడు.

"ఇది నీది కాదు, నువ్వు పెట్టాల్సింది. నువ్వు యాభై ముగ్గురి పేరున తిన్నావు. నీవాళ్ళకి ఎవరు పెట్టారు?"

స్పిరిదోన్ రొట్టెకేసి చూస్తూ ఉండిపోయాడు.  ఇల్లు పోయిన తొమ్మిదేళ్ళలో అతని చేతులు అందుకోవడమే చేశాయి. తల్లికి ఏటా కొవ్వొత్తి పెట్టే మనిషే ఒకప్పుడు. తనకే లేనప్పుడు తనేం పెడతానని మానేశాడు. రొట్టె పట్టుకుని వరసలో నిలబడ్డవాళ్ళ వైపు చూశాడు, దారిన పోయేవాళ్ళ వైపు చూశాడు. ఆఖరికి పాండెలె వైపు తిరిగి, రెండు చేతులా చాచాడు.

"తీసుకో. సుల్తానా పేరున. మా అమ్మ."

పాండెలె తీసుకున్నాడు. ఇవ్వడానికి వచ్చిన తను పుచ్చుకుంటానని అనుకోలేదు. కొవ్వొత్తి వేడి వేళ్ళకు తగిలింది. ఆ పాత మాట నాలుక మీదకు దానంతటదే వచ్చింది.

"బొగ్దప్రోస్తే" అని తిన్నాడు. మాడిన పక్కే వచ్చింది. చివరిదాకా తిన్నాడు.

గేటు దగ్గరి ముసలివాళ్ళు ఈ ఇద్దరినీ వింతగా చూశారు. ఒర్తాన్సా ఊరగాయ సీసాతో అటే వస్తూ, పొద్దున్నే వీళ్ళిద్దరూ ఏడుస్తున్నారేమిటి, నా మిరపకాయలు ఇంకా పంచనే లేదే అంది.

తరవాత పెద్ద అద్భుతాలేవీ జరగలేదు. కొట్టు వెనక గదిలో ఉండమని పాండెలె రెండుసార్లు పిలిచాడు, నది కనపడని చోట నిద్ర పట్టదని స్పిరిదోన్ రెండుసార్లూ వద్దన్నాడు. ఏప్రిల్లో స్మశానం కాపలాదారు పని ఖాళీ అయింది. ఒర్తాన్సా గుడి పెద్దల చెవిలో జోరీగలా దూరి అది అతనికి ఇప్పించింది. గేటు పక్కనే చిన్న గది, ఇనప పొయ్యి. కిటికీలోంచి చెట్ల సందుల్లో డాన్యూబ్ ఒక ముక్క కనపడుతుంది. చూసి, ఇది చాలన్నాడు.

పాండెలె చీటీల మీద మళ్ళీ పేర్లు రాస్తున్నాడు. అగ్లయా అంత మాటకారి ఎప్పటికీ కాలేడు గాని, వచ్చినవాళ్ళను కూర్చోమంటాడు. ఆదివారాలు గుడిలోపలికి వెళుతున్నాడు. తలుపు దగ్గరే, వెనక వరసలో నిలబడతాడు. యాషిలో అడిగినదానికి జవాబు ఇంకా రాలేదు. రావాలని ఇప్పుడు పట్టుబట్టడం లేదు. పాట సాగుతుండగా తను పెదవుల కింద కొన్ని పేర్లు అనుకుంటాడు. అగ్లయా, సుల్తానా, టీ పోసిన బొద్దు మనిషి పేరు తెలియదు కాబట్టి ఆ బొద్దాయన. పక్కన నిలబడ్డవాళ్ళ భుజం తగిలితే ఇదివరకులా జరిగిపోడు.

మే నెలలో ఒక సాయంత్రం పని కట్టేసి స్మశానం గదికి వెళ్ళాడు. స్పిరిదోన్ గుమ్మంలో కూర్చుని నదిలో పట్టిన చేపలు రెండు శుభ్రం చేస్తున్నాడు. ఉప్పు తెచ్చావా అని అడిగాడు. తేలేదని పాండెలె చెప్పాడు.

"చెప్పులు కుట్టేవాడికి ఉప్పు సంగతి ఎందుకు గుర్తుంటుందిలే" అని విసుక్కుంటూ స్పిరిదోన్ పొయ్యి రాజేశాడు. పాండెలె చొక్కా చేతులు మడుచుకుని, కత్తి తీసుకుని రెండో చేప పొలుసు గీకడం మొదలుపెట్టాడు.